నల్ల బెల్టు, ఎర్ర పూస

సింగరేణి బొగ్గు ఊరు మందమర్రిలో బాయి దిగిన వాళ్లను ఎవరినైనా బెల్టు గురించి అడగండి, పది నిమిషాలకు తక్కువ కాకుండా చెబుతారు. కేకే-5, కాసిపేట లాంటి భూగర్భ గనుల్లో తీసిన బొగ్గు పైకి రావాలంటే బెల్టు తిరగాలి. అది పక్కకు జారినా, ఎక్కడైనా చిరిగినా షిఫ్టంతా దాని చుట్టే తిరుగుతుంది. చాలామంది దాన్ని రబ్బరు పట్టీ అనుకుంటారు. గని లోపల వాడే బెల్టు ఎక్కువగా రబ్బరు కాదు. దిట్టంగా నేసిన గుడ్డ, ఆ నేతలోకి ఇంకేలా పట్టించిన పీవీసీ. ఇంటి నల్లా పైపులో, కరెంటు తీగ తొడుగులో ఉండే పీవీసీయే.

రబ్బరు పక్కకు పోవడం వెనక ఒక ఘోరం ఉంది. 1950 సెప్టెంబర్ 26న ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లో, క్రెస్‌వెల్ గనిలో, ఒక బెల్టు మీది బొగ్గు ఇంకో బెల్టు మీద పడే చోట చిరిగిన రబ్బరు బెల్టు ఇరుక్కుని రాపిడికి అంటుకుంది. 80 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువ మందిని చంపింది మంట కాదు, అది పుట్టించిన విషవాయువు. ఆ తర్వాత బ్రిటిష్ గనులు పీవీసీ బెల్టు వైపు మళ్లాయి. మన దేశంలోనూ బొగ్గు బాయిలోకి మంట పట్టని బెల్టే దిగాలి. పీవీసీ బరువులో దాదాపు 57 శాతం క్లోరిన్. నిప్పు తగిలితే అది హైడ్రోజన్ క్లోరైడ్ వాయువుగా బయటికొచ్చి మంటను నొక్కేస్తుంది. నిప్పు తీసేస్తే బెల్టు తనంతట తానే ఆరిపోతుంది.

ఇదే పీవీసీ మరో వేషంలో, అదే మందమర్రిలో, ఒక కంపెనీ క్వార్టర్‌లో చపాతీ పీట మీద ఉందనుకుందాం. చాక్లెట్ కడ్డీ అంత ఎర్రటి ముద్ద. దాన్ని పిసికి, గుండ్రంగా చుట్టి, బెజ్జం పెట్టి, కాల్చి, రుద్ది మెరిపిస్తే పూస. చూసినవాళ్లు ఎర్రరాయి అనుకుంటారు. ఎందుకలా అనుకుంటారన్నదే ఈ వ్యాసంలో అసలు సంగతి. దానికి రావాలంటే ముందు ఈ ముద్ద పుట్టుక తెలియాలి.

దాని పేరు పాలిమర్ క్లే. క్లే అంటే మట్టి. ఈ మట్టిలో మట్టి ఉండి తీరాలనేమీ లేదు. మైదాకన్నా చాలా సన్నని పీవీసీ పొడి, దాన్ని మెత్తగా ఉంచే నూనెలాంటి ద్రవం, రంగు, కొంచెం పూరకం. కొన్ని రకాల్లో ఆ పూరకం తెల్లమట్టి, అంటే కెయొలిన్. మట్టి అన్న పేరుకు ఆ కాస్తే ఆధారం. ఆ నూనెలాంటి ద్రవాన్ని ప్లాస్టిసైజర్ అంటారు. పీవీసీ ఒంటరిగా ఉంటే పైపులా గట్టిది. ప్లాస్టిసైజర్ చేరితే రెయిన్‌కోటులా వంగుతుంది.

పీవీసీని మొదట చూసిన ఆయన దాన్ని ఏం చేసుకోవాలో తెలియక వదిలేశాడు. 1872లో జర్మనీలో ఆయిగెన్ బౌమన్ వినైల్ క్లోరైడ్ వాయువు నింపిన గాజు గొట్టాలను ఎండలో పెడితే లోపల తెల్లటి గట్టి పదార్థం తయారైంది. అంతే. అది పనికొచ్చే వస్తువు కావడానికి 1926 దాకా ఆగాలి. అమెరికాలో బీఎఫ్ గుడ్‌రిచ్ కంపెనీలో వాల్డో సీమన్ రబ్బరును లోహానికి అతికించే జిగురు వెతుకుతూ, పీవీసీని ఎక్కువ వేడికి గానీ మరగని ద్రవంలో వేసి కాచాడు. జిగురు రాలేదు గానీ సాగే, వంగే ముద్ద వచ్చింది.

ఆ ముద్ద చేతిపనివాళ్ల దగ్గరికి బొమ్మల ఇంటి మీదుగా చేరింది. జర్మనీలో పేరున్న బొమ్మల తయారీదారు కేటె క్రూజె కూతురు సోఫీ ఇలాంటి పదార్థంతో పనిచేసి, దాన్ని ఇళ్లలో వాడుకునేలా తీర్చింది. ఇంట్లో ఆమె ముద్దుపేరు ఫీఫీ. 1960ల్లో ఎబెర్‌హార్డ్ ఫేబర్ కంపెనీ దాని హక్కులు తీసుకుంది. అలా వచ్చిన పేరే ఫీమో. దాదాపు అదే కాలంలో అమెరికాలో స్కల్పీ వచ్చింది. దాన్ని మొదట ట్రాన్స్‌ఫార్మర్ లోపలి వేడిని బయటికి లాగడానికి తయారుచేశారు. ఆ పనికి కుదరలేదు. ఎవరో చేతిలోకి తీసుకుని బొమ్మ చేసి కాల్చి చూశారు. ట్రాన్స్‌ఫార్మర్‌కు పనికిరానిది పూసకు పనికొచ్చింది.

బొగ్గు ఊళ్లో కూర్చుని చెప్పుకోవాల్సిన చుట్టరికం ఇంకొకటి ఉంది. బొగ్గును కోక్ చేసి, సున్నంతో కలిపి విద్యుత్ కొలిమిలో కాలిస్తే కాల్షియం కార్బైడ్ వస్తుంది. మామిడికాయలు మాగబెట్టడానికి మండీల్లో దొంగచాటుగా వాడేది అదే. దానికి నీళ్లు తగిలితే ఎసిటిలీన్ వాయువు. ఎసిటిలీన్‌కు హైడ్రోజన్ క్లోరైడ్ చేరిస్తే వినైల్ క్లోరైడ్. దాన్ని గొలుసు కడితే పీవీసీ. చైనాలో ఈనాటికీ పీవీసీలో ఎక్కువ భాగం ఈ బొగ్గు దారిలోనే తయారవుతోంది. మన దేశంలో రాజస్థాన్‌లోని కోటలో ఈ పద్ధతి నడుస్తోంది. సింగరేణి బొగ్గు కోకింగ్ రకం కాదు. అది ఎక్కువగా కరెంటు కేంద్రాలకే పోతుంది, కాబట్టి మందమర్రి బొగ్గే మందమర్రి పూసయిందని సంబరపడటానికి వీల్లేదు.

ఇక పీట దగ్గరికి. ప్యాకెట్ విప్పగానే ముద్ద గట్టిగా, అంచుల్లో పెళుసుగా ఉంటుంది. దాన్ని పిసికి, సాగదీసి, మడిచి, మళ్లీ వత్తాలి. సంక్రాంతికి సకినాలు చుట్టిన చేతికి ఈ పని చెప్పక్కర్లేదు. పిండి పదును తప్పితే సకినం చుట్టు మధ్యలోనే తెగుతుంది. పదును కుదిరితే వేళ్ల మధ్య నుంచి దారంలా జారుతుంది. బియ్యప్పిండికి పదునిచ్చేది నీళ్లు. ఇక్కడ ప్లాస్టిసైజర్. నిలవున్న ముద్దలో అది పీవీసీ రేణువుల మధ్య ఎక్కడికక్కడ బిగుసుకుని ఉంటుంది. పిసికినప్పుడు కదిలి అంతటా సర్దుకుంటుంది.

ఉత్తర తెలంగాణలో ఈ ముద్దకు ఒక శత్రువు ఉంది. అది మే నెల. ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో రేకుల కింద అలమరలోనో, ఎండలో నిలిపిన బండి డిక్కీలోనో పెడితే కాల్చకముందే ముదరడం మొదలవుతుంది. రేణువులు ప్లాస్టిసైజర్‌ను మెల్లగా పీల్చుకుంటాయి. తర్వాత ఎంత పిసికినా పొడిపొడిగా రాలుతుంది. వేసవిలో పార్సిల్ తెప్పించుకుని తిట్టుకునేవాళ్ల కష్టం ఇదే. దాచే డబ్బా విషయంలోనూ జాగ్రత్త కావాలి. పెళుసుగా, అద్దంలా ఉండే పాలీస్టైరీన్ డబ్బాను ప్లాస్టిసైజర్ తినేస్తుంది. రెండూ అంటుకుపోతాయి. ఫ్రిజ్‌లో పెట్టే మామూలు మెత్తటి పాలీప్రొపిలీన్ డబ్బా మేలు.

ఉండ చుట్టడం లడ్డూ చుట్టడం కాదు. లడ్డూను నొక్కుతాం. పూసను రెండు అరచేతుల మధ్య, పై చెయ్యి చిన్న చిన్న వలయాల్లో తిప్పుతూ, బరువు పెట్టకుండా దొర్లించాలి. ప్రతి వైపూ సమానంగా అరచెయ్యి తగిలితేనే గుండ్రం. గట్టిగా నొక్కితే రెండు కొనలు తేలి జీడిగింజ అవుతుంది.

బెజ్జం దగ్గర అసలు పరీక్ష. సూదిని ఒక వైపు నుంచి ఏకంగా పొడిస్తే అవతలి వైపు ముద్ద ఉబ్బి పగులుతుంది. సగం దాకా పొడిచి, తీసి, రెండో వైపు నుంచి తిప్పుతూ పొడిచి మధ్యలో కలపాలి. ఈ కిటుకు కొత్తది కాదు. రాతి పూసలకు బెజ్జం వేసినవాళ్లు వేల ఏళ్లుగా ఇదే చేస్తున్నారు. రెండు వైపుల నుంచి తొలిచిన రంధ్రాలు మధ్యలో కాస్త వంకరగా కలుసుకున్న జాడ చూసి పురావస్తు నిపుణులు అది చేతి తొలుపు అని గుర్తుపడతారు. గుజరాత్‌లోని ఖంభాత్‌లో విల్లు తాడుతో తిప్పే బర్మా కొనకు రెండు వజ్రపు తునకలు బిగించి తొలవడం ఈనాటి మాటే.

అలాంటి పూసల కోసం ఖంభాత్ దాకా పోనక్కర్లేదు. మందమర్రిలో కాజీపేట వైపు వెళ్లే రైలెక్కి, గోదావరి దాటి, పెద్దపల్లిలో దిగితే చాలు. ఆ జిల్లాలోని పెద్దబంకూరు, ధూళికట్ట, గోదావరి ఒడ్డున జగిత్యాల జిల్లాలోని కోటిలింగాల శాతవాహనుల కాలపు ఊళ్లు. వి.వి. కృష్ణశాస్త్రి నాయకత్వంలో రాష్ట్ర పురావస్తు శాఖ పెద్దబంకూరులో తవ్వినప్పుడు ఇటుక ప్రాకారాలు, బావులు, కమ్మరి పని జాడలు, ఒకే కుండలో సుమారు 22,000 నాణేలు బయటపడ్డాయి. నాణేలకు దక్కిన పేరు పూసలకు దక్కలేదు. కానీ ఇలాంటి ఊళ్ల మట్టిలో రాయి, గాజు, కాల్చిన మట్టి పూసలు దొరుకుతూనే ఉంటాయి. రాతి పూసల్లో మనసు దోచేది ఎర్రటి కార్నీలియన్.

దాని ముడిసరుకు గోదావరి ఎగువనే ఉంది. దక్కన్ లావా రాళ్ల బుడగల్లో సిలికా నిండి గట్టిపడితే అగేటు, కాల్సిడోనీ తయారవుతాయి. ఆదిలాబాద్ వాయవ్య అంచుల దాకా పరుచుకున్నవి ఆ లావా రాళ్లే. నది వాటిని దొర్లించి, గులకరాళ్లు చేసి కిందికి తెస్తుంది. చాలా రాళ్లు పుట్టుకతో ఎర్రవి కావు. గోధుమ, తేనె రంగువి. వాటిలోని ఇనుము తుప్పు రూపంలో నీటిని పట్టుకుని ఉంటుంది. కుండలో పెట్టి బూడిద కింద మెల్లగా కాలిస్తే నీరు వదిలి హెమటైటు అవుతుంది, రాయి ఎరుపెక్కుతుంది. అంటే ఎర్రరాయి పూస కూడా వేడి చూసిన పూసే.

గాజు పూసది వేరే దారి. తిరుపతి జిల్లా ఏర్పేడు మండలంలో, శ్రీకాళహస్తికి దగ్గర్లో, పాపానాయుడుపేట అనే ఊరుంది. ప్రపంచంలో పూసల చరిత్ర రాసే ఎవరూ ఆ ఊరి పేరు రాయకుండా ఉండలేరు. ఆఫ్రికా తీరం నుంచి కొరియా దాకా సముద్ర వ్యాపారంలో తిరిగిన చిన్న చిన్న గాజు పూసలకు ఇండో-పసిఫిక్ పూసలని పేరు పెట్టిన అమెరికన్ పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్, ఆ పూసల పాత విద్య బతికున్న చోటుగా ఈ ఊరిని చూపించాడు. లాడ అనే పొడవాటి బోలు ఇనుప గొట్టానికి కరిగిన గాజు ముద్ద చుట్టి, మధ్యలో ఖాళీ ఉండేలా కడ్డీ దూర్చి, కొలిమిలో పెడతారు. కొలిమి అవతలి వైపు నుంచి పనివాడు ఆ ముద్ద కొనను కొక్కేనికి తగిలించి లాగుతాడు. సన్నటి గాజు గొట్టం వస్తుంది. ఒకసారి మొదలుపెడితే గంటల తరబడి లాగుతూనే ఉండాలి. తర్వాత గొట్టాలను ముక్కలు చేసి, ఆ ముక్కలను పూసలంతగా తరిగి, బూడిదతో కలిపి మళ్లీ వేడి చేస్తారు. పదునైన అంచులు కరిగి గుండ్రమవుతాయి. బెజ్జం పూడిపోకుండా కాపాడేది ఆ బూడిద.

ఇక్కడ గమనించాల్సింది బెజ్జం. ముద్ద మధ్యలో ఉన్న ఖాళీ లాగుడుతో పాటు సాగి, గొట్టం పొడవునా చెదరకుండా నిలుస్తుంది. గాజు చల్లారాక ఒక్కొక్క పూసనూ తొలిచే బాధ లేదు. ఖాళీ నిలిచినట్టే బొమ్మ కూడా నిలుస్తుంది. పాలిమర్ క్లేతో పూలపూసలు చేసేవాళ్లు వాడేది ఈ సూత్రమే. రంగు ముద్దలను కడ్డీలుగా పేర్చి, అడ్డంగా కోస్తే పువ్వు కనిపించేలా లావాటి మొద్దు కడతారు. దాన్ని చుట్టూ నొక్కుతూ సాగదీస్తారు. 5 సెంటీమీటర్ల మందం, 5 సెంటీమీటర్ల పొడవు ఉన్న మొద్దును అర సెంటీమీటరు మందానికి దించితే అడ్డుకోత వైశాల్యం నూరో వంతవుతుంది. ముద్ద ఎక్కడికీ పోదు గనక పొడవు నూరు రెట్లయి 5 మీటర్లు వస్తుంది. మిల్లీమీటరు మందాన కోస్తే 5,000 పువ్వులు, అన్నీ ఒకే అచ్చు. చేతితో ఒక్కో పువ్వూ గీయాలంటే ఏళ్లు పట్టే పని ఒక మధ్యాహ్నంలో ముగుస్తుంది. కోసేముందు మొద్దును కాసేపు ఫ్రిజ్‌లో పెట్టాలి. మెత్తగా ఉన్నప్పుడు కోస్తే పువ్వు కోడిగుడ్డవుతుంది.

రంగులు కలపడంలోనూ ఇలాంటి లెక్కే ఒకటుంది. అమెరికన్ కళాకారిణి జుడిత్ స్కిన్నర్ పేరు మీద చెలామణిలో ఉంది. ఎరుపు, పసుపు త్రికోణాలను ఏటవాలు అంచుల దగ్గర కలిపి దీర్ఘచతురస్రం చేస్తారు. దాన్ని ఎప్పుడూ ఒకే దిక్కున మడిచి, ఒకే దిక్కున అప్పడాల కర్రతో వత్తుతూ పోతారు. ఇరవై ముప్పై మడతలకు ఒక కొన ఎరుపు, ఇంకో కొన పసుపు, మధ్యంతా గీత లేకుండా మారే నారింజ వస్తుంది. మడత ఒకే దిక్కున పడుతుంది గనక రంగు పక్కకు జరగదు, పైకీ కిందికీ మాత్రమే కలుస్తుంది. ఏ నిలువు పట్టీలో ఎంత ఎరుపుందో ఆ పాలు చివరిదాకా మారదు. ఒక్కసారి మరిచిపోయి అడ్డంగా మడిస్తే అంతా ఒకే రంగు. ఆ ముద్దను అలంకారానికి వాడలేక, పారేయలేక, పూస లోపలి గుజ్జుకు వాడుకుంటారు.

కాల్చడం గురించి పెద్ద అపోహ ఒకటుంది. కుమ్మరి ఆములో కుండ కాలడమూ, ఓవెన్‌లో ఈ పూస కాలడమూ ఒకటి కాదు. కుండలోంచి నీరు పోతుంది. మట్టి రేణువులు ఆరేడు వందల డిగ్రీలు దాటిన వేడిలో మారిపోయి, మళ్లీ మట్టి కాలేనంతగా అంటుకుంటాయి, కుండ కుదించుకుపోతుంది. పాలిమర్ క్లేలో పోవడానికి నీరే లేదు. 110 నుంచి 135 డిగ్రీల మధ్య, తయారీదారు చెప్పిన చోట, పీవీసీ రేణువులు చుట్టూ ఉన్న ప్లాస్టిసైజర్‌ను పీల్చుకుని ఉబ్బుతాయి. పాయసంలో సగ్గుబియ్యం ఉబ్బి ఒకదాన్నొకటి తాకినట్టు. తర్వాత ఒక రేణువులోని గొలుసు అణువులు పక్క రేణువులోకి చొరబడి చిక్కుపడతాయి. హద్దులు చెరిగిపోతాయి. చల్లారాక అది రేణువుల కుప్ప కాదు, ఒకే ముక్క.

అందుకే తక్కువ కాలిన పూస మోసం చేస్తుంది. చూడటానికి గట్టిగానే ఉంటుంది. కానీ రేణువులు అంచుల దగ్గర మాత్రమే అంటుకుని ఉంటాయి గనక, కింద పడితే బిస్కెట్‌లా విరుగుతుంది. బాగా కాలినది గోటితో నొక్కితే కాస్త ఒదుగుతుంది. కొత్తవాళ్లు మాడుతుందేమోనన్న భయంతో ముందే తీసేస్తారు. ఈ పనిలో ఎక్కువ పూసలు పాడయ్యేది అక్కడే.

మాడటమూ నిజమే. వేడి హద్దు దాటితే పీవీసీ గొలుసు నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ ఊడిపోతూ, గొలుసులో జంట బంధాలు వరుసగా ఏర్పడతాయి. ఆ వరుస పెరిగేకొద్దీ అది నీలి కాంతిని మింగుతుంది. పూస మొదట పసుపు, తర్వాత గోధుమ, చివరికి నలుపు. బెల్టును గనిలో కాపాడే గుణమే వంటింట్లో ఘాటు ఆమ్ల వాయువవుతుంది. అది కళ్లను, గొంతును మండిస్తుంది. ఓవెన్ మీది అంకెల మరను నమ్మకూడదు. చిన్న ఓవెన్లలో వేడి ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. లోపల విడిగా ఒక థర్మామీటర్, వేడిని నిలిపి ఉంచే ఒక గచ్చు టైలు, పూసల మీద అల్యూమినియం రేకు, తెరిచిన కిటికీ ఉంటే చాలు. తిండి వండే ఓవెన్ కాకుండా వేరేది ఉంటే మంచిది. మైక్రోవేవ్ వద్దే వద్దు. పూసను నేరుగా టైలు మీద పెడితే తగిలిన చోట చదునైన మెరుపు మచ్చ పడుతుంది. కార్న్‌ఫ్లోర్ పరుపు మీదో, రెండు అంచుల మధ్య కట్టిన తీగకు గుచ్చో పెడితే ఆ మచ్చ ఉండదు.

ఓవెన్ నుంచి వచ్చిన పూస మొహం చూస్తే ఉత్సాహం చచ్చిపోతుంది. సుద్ద రాసినట్టు మసకగా ఉంటుంది. మెరుపు పనంతా ఇంకా మిగిలే ఉంది.

మెరుపు అంటే ఏదో పూయడం అనుకుంటాం. వార్నిష్ పూయొచ్చు, కానీ గోళ్ల రంగు లాంటిది పూస్తే దానిలోని ద్రావకం ప్లాస్టిక్‌తో కలిసి కొన్నాళ్లకు జిగటగా మారుతుంది. అసలు మెరుపుకు పూత అక్కర్లేదు. గరుకు ఉపరితలం మీద పడిన కాంతి ప్రతి గుంట నుంచీ ఒక్కో దిక్కుకు చెదిరిపోతుంది. గుంటలు కాంతి తరంగం కన్నా చిన్నవైతే కాంతి వాటిని పట్టించుకోదు, నున్నటి అద్దం మీద పడ్డట్టే ఒక దిక్కుకు వెనుదిరుగుతుంది. కంటికి కనిపించే కాంతి తరంగం 0.4 నుంచి 0.7 మైక్రాన్లు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే పూస మీది గీతలు వెంట్రుకలో నూరో వంతుకన్నా తక్కువ లోతుతో మిగలాలి.

అక్కడికి చేరే మెట్లే ఉప్పు కాగితాలు. అంకె పెరిగితే రేణువు సన్నబడుతుంది. 400 నంబరు కాగితం మీది రేణువు సుమారు 35 మైక్రాన్లు, 1000 మీద 18, 2000 మీద 10. ప్రతి కాగితం ముందు కాగితం గీసిన గీతలను చెరిపి తన గీతలు గీస్తుంది. అందుకే మెట్టు దాటవేస్తే లాభం లేదు. 400 తర్వాత నేరుగా 2000 పట్టుకుంటే లోతు గీతలు అలాగే ఉండి వాటి గట్లు మాత్రం మెరుస్తాయి. కార్లకు రంగులు వేసేవాళ్లు వాడే నల్లటి వాటర్ పేపర్ ఇక్కడ సరిపోతుంది. దాని మీది రేణువులు సిలికాన్ కార్బైడ్. 1891లో ఎడ్వర్డ్ యాచెసన్ వజ్రాలు చేద్దామని మట్టిలో కోక్ పొడి కలిపి కరెంటు పంపిస్తే వచ్చిన పదార్థం అది. వజ్రం రాలేదు గానీ వజ్రానికి చేరువ గట్టిదనం వచ్చింది. మట్టీ బొగ్గూ కలిసి మట్టి కాని మట్టిని మెరిపిస్తున్నాయన్నమాట.

రుద్దడం నీళ్లలోనే. పొడి రుద్దుడులో కాగితం పూడిపోతుంది, సన్నటి ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ధూళి సంగతి బాయిలో పనిచేసే ఇళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. బొగ్గు మీద నీళ్లు చల్లేదీ అందుకే. ముంతలో గోరువెచ్చని నీళ్లు, ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు, పక్కన టీవీ. ఒక్కో పూసకు ఒక్కో కాగితంతో రెండు మూడు నిమిషాలు.

2000 దాటాక పాత జీన్స్ గుడ్డ. ఇక్కడ ఒక వింత ప్రశ్న. గుడ్డకు ప్లాస్టిక్‌ను గీసే శక్తి లేదు కదా, మరి మెరుపు ఎలా పెరుగుతుంది? ఈ ప్రశ్న మీద మూడు వందల ఏళ్లు వాదించుకున్నారు. న్యూటన్ దృష్టిలో మెరుగు పెట్టడమంటే గీతలను కంటికి కనిపించనంత సన్నం చేయడమే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జార్జ్ బీల్బీ కాదన్నాడు. రాపిడికి పైపొర కరిగినట్టు పారి గుంటలు పూడుస్తుందన్నాడు. 1937లో కేంబ్రిడ్జ్‌లో బౌడెన్, హ్యూస్ చేసిన ప్రయోగం మన దేవుడి అర దాకా వస్తుంది. వాళ్లు కర్పూరంతో లోహాన్ని రుద్దారు. కర్పూరం 178 డిగ్రీల దగ్గర కరుగుతుంది. 70 డిగ్రీల లోపే కరిగే వుడ్స్ మెటల్ అనే మిశ్రమ లోహాన్ని అది మెరిపించింది. తన కన్నా ఎక్కువ వేడికి కరిగే తగరాన్ని, సీసాన్ని ఏమీ చేయలేకపోయింది. గట్టిదనం కాదు, ఎవరు ముందు కరుగుతారన్నదే లెక్క అన్నారు వాళ్లు. మామూలు లోహాల విషయంలో న్యూటన్ మాటే ఎక్కువ నిజమని తర్వాతి సూక్ష్మదర్శినులు చూపించాయి. పాలిమర్ క్లే మాత్రం బీల్బీ పక్షం. మామూలు పీవీసీయే 80 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలుపెడుతుంది. ప్లాస్టిసైజర్ తోడైతే ఇంకా ముందే. నూలు గుడ్డ వేగంగా రాసినప్పుడు పుట్టే వేడికి పైపొర ఒదిగి సర్దుకుంటుంది. యంత్రానికి గుడ్డ చక్రం బిగించి ఒకే చోట నొక్కితే అతిగా ఒదిగి పూస మీద గుంట పడేదీ ఇందుకే.

ఇప్పుడు మూడు పూసలను పక్కపక్కన పెట్టి చూడొచ్చు. రాయి కోతతో మెరుస్తుంది. ఖంభాత్‌లో పూసలను, రాతి ధూళిని తోలు సంచిలో పోసి రోజుల తరబడి అటూ ఇటూ దొర్లించేవారు. గాజు మంటతో మెరుస్తుంది. కరిగిన ద్రవం తనంతట తానే నున్నబడుతుంది. పాలిమర్ క్లే మొదట రాయిలా కోత పెట్టించుకుని, చివర్లో గాజులా ఒదుగుతుంది.

దారులు వేరైనా గమ్యం ఒకటే. కాంతి ఒక వస్తువులోకి దిగేటప్పుడు ఎంత వెనక్కి తిరుగుతుందో చెప్పేది ఆ వస్తువు వక్రీభవన గుణకం. కార్నీలియన్‌కు అది 1.53, 1.54 ప్రాంతంలో ఉంటుంది. మామూలు గాజుకు 1.52. పీవీసీకి 1.54. మూడూ నున్నబడ్డాక ఎదురుగా పడ్డ కాంతిలో నాలుగు, నాలుగున్నర శాతాన్ని వెనక్కి పంపుతాయి. కన్నుకు దొరికే ఆధారం అదే కాబట్టి కన్ను ఓడిపోతుంది. రుద్దిన తర్వాత రంగు ముదిరినట్టు కనిపించడానికీ ఇదే కారణం. గరుకు పొర చెదరగొట్టిన తెల్లటి కాంతి రంగు మీద ముసుగులా పడి ఉంటుంది. గోదావరి ఇసుకలో ఏరిన గులకరాయి నీళ్లలో ఉన్నంతసేపూ ఎర్రగా ఉండి, ఇంటికి తెచ్చేసరికి తెల్లబోయిన అనుభవం ప్రతి పిల్లకూ పిల్లాడికీ ఉంటుంది.

చెంప మాత్రం ఓడదు. రాతి పూసను చెంపకు ఆనిస్తే చల్లగా తగులుతుంది. రాయి ఒంటి వేడిని చప్పున లాగేస్తుంది. ప్లాస్టిక్ లాగదు, వెచ్చగా ఉంటుంది, తేలిగ్గానూ ఉంటుంది. పూసలోళ్ల గంపలో చెయ్యి పెట్టి ఏరుకునే అవ్వలు పూసను నోటి దగ్గరికి తీసుకుని పళ్లకు తాటించి చూస్తారు. ఆ చప్పుడుతో రాయేదో కానిదేదో తేలిపోతుంది.

బొగ్గుకు కూడా ఇలా మెరుగు పెడతారు, నగ కోసం కాదు. ఒక బొగ్గు నేల లోపల ఎంత వేడి, ఎంత కాలం చూసిందో తెలుసుకోవాలంటే దాన్ని పొడిచేసి, జిగురు రెసిన్‌లో బిళ్లగా పోసి, సన్నం నుంచి ఇంకా సన్నానికి పోయే పొడులతో అద్దంలా రుద్దుతారు. తర్వాత సూక్ష్మదర్శిని కింద, ఒక నూనె చుక్క అడుగున పెట్టి, అందులోని విట్రినైట్ అనే మెరుపు భాగం ఎంత కాంతిని వెనక్కి పంపుతోందో కొలుస్తారు. తక్కువ శ్రేణి బిటుమినస్ బొగ్గులో అది అర శాతం చుట్టూ ఉంటుంది, ఆంథ్రసైటులో రెండున్నర దాటుతుంది. వాడే నూనె గుణకం 1.518, అంటే దాదాపు గాజుది. ఎర్రరాయి పూసనైనా, పీట మీద చుట్టిన పీవీసీ పూసనైనా ఆ నూనె చుక్క కిందికి తోస్తే, నీళ్లలో పడ్డ గాజు ముక్కలా, మెరుపు దాదాపు మాయమైపోతుంది. బొగ్గు మాత్రం అక్కడా మెరుస్తూనే ఉంటుంది.